కర్బన రసాయన చర్య ఏ రకమో గుర్తుపట్టడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ పిల్లలకు, అప్పుడప్పుడు డిగ్రీ వాళ్లకు కర్బన రసాయనం చెబుతుంటాను. పాఠం అయ్యాక నోటుపుస్తకం పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఇవే. చాలామందికి చర్యల పేర్లు వస్తాయి, ఉదాహరణలూ వస్తాయి. పుస్తకంలో లేని సమీకరణం ఒకటి ముందు పెడితే మాత్రం పెన్ను ఆగిపోతుంది. ఈ పేజీ వాళ్ల కోసం.

అసలు చర్యలు ఎన్ని రకాలు? ఒక పుస్తకంలో నాలుగు, ఇంకో పుస్తకంలో ఆరు అని ఉంది.

రెండూ సరైనవే. ఏం జరిగిందన్న దాన్నిబట్టి చూస్తే నాలుగు: సంకలనం, ప్రతిక్షేపణ, విలోపనం, పునర్విన్యాసం. కొందరు ఆక్సీకరణ, క్షయకరణాలను విడిగా లెక్కిస్తారు. ఇంకొందరు సంఘననాన్ని (రెండు అణువులు కలిసి, నీరులాంటి చిన్న అణువు బయటికి పోవడం), పాలిమరీకరణాన్ని (చిన్న అణువులు గొలుసుగా కలవడం) కూడా చేరుస్తారు. అప్పుడు అంకె పెరుగుతుంది, అంతే.

అసలు గందరగోళం ‘న్యూక్లియోఫిలిక్’, ‘ఎలక్ట్రోఫిలిక్’, ‘స్వేచ్ఛా ప్రాతిపదిక’ అనే మాటలను కూడా అదే జాబితాలో కలిపి చదవడం వల్ల వస్తుంది. అవి ఏం జరిగిందో చెప్పవు. దాడికి ఎవరు దిగారో, ఎలక్ట్రాన్లు ఎలా కదిలాయో చెబుతాయి. న్యూక్లియోఫైల్ అంటే ఎలక్ట్రాన్ జతను ఇచ్చేది, ఎలక్ట్రోఫైల్ అంటే దాన్ని తీసుకునేది, స్వేచ్ఛా ప్రాతిపదిక అంటే జతలేని ఎలక్ట్రాన్ ఉన్న కణం. మన పేర్లతో పోల్చుకోండి: ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ, ఎలక్ట్రోఫిలిక్ ప్రతిక్షేపణ అన్నప్పుడు పేరు ఒకటే, ఇల్లు వేరు. ఎలక్ట్రోఫిలిక్ ప్రతిక్షేపణ, ఎలక్ట్రోఫిలిక్ సంకలనం అన్నప్పుడు ఇల్లు ఒకటే, మనిషి వేరు. ‘ఇది న్యూక్లియోఫిలిక్ చర్య’ అని రాసి ఊరుకుంటే ఇంటిపేరు మాత్రమే చెప్పి వచ్చినట్టు. మార్కులు సగానికే ఆగిపోతాయి.

సమీకరణం కనిపించగానే మొదట ఏం చూడాలి?

బాణానికి అటూ ఇటూ ఎన్ని అణువులున్నాయో చూడండి. ఉత్ప్రేరకాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. రెండు కలిసి ఒకటైతే సంకలనం. ఒకటి విడిపోయి రెండైతే విలోపనం. రెండు వెళ్లి రెండు వస్తే ఎక్కువగా ప్రతిక్షేపణ. ఒకటి వెళ్లి అదే అణుఫార్ములాతో ఇంకొకటి వస్తే పునర్విన్యాసం.

ఈ లెక్క తొలి అంచనా మాత్రమే. అది కూడా వదిలేసి, బయటికి పోయినదాన్ని మాత్రమే చూసి తీర్పు రాసేస్తే ఎక్కడ దెబ్బతింటారో ఒక ఉదాహరణ చెబుతాను. ఇథనాల్‌ను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 443 కెల్విన్‌ల దగ్గర వేడి చేస్తే ఇథీన్, నీరు వస్తాయి. అదే సీసా, అదే ఆమ్లం, ఉష్ణోగ్రత 413 కెల్విన్‌లకు తగ్గించి ఇథనాల్ ఎక్కువగా ఉండేలా చూస్తే డైఇథైల్ ఈథర్, నీరు వస్తాయి. రెండు సందర్భాల్లోనూ నీరు బయటికి వచ్చింది. ‘నీరు పోయింది కాబట్టి విలోపనం’ అని రాసే చేతులు ప్రతి తరగతిలోనూ ఉంటాయి. మొదటిది విలోపనమే. రెండోదానిలో ఒక ఇథనాల్ అణువులోని ఆక్సిజన్ వెళ్లి మరో ఇథనాల్ కార్బన్ మీద దాడి చేసి, అక్కడున్న నీటిని వెళ్లగొట్టి ఆ చోటు ఆక్రమించింది. కాబట్టి అది న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ.

అందుకే బయటికి పోయినదాన్ని కాకుండా, మిగిలిన కార్బన్‌ను చూడమంటాను. పోయినదాని చోట కొత్తగా ఎవరైనా కూర్చున్నారా? కూర్చుంటే ప్రతిక్షేపణ. ఎవరూ కూర్చోక, పక్క కార్బన్‌తో ద్విబంధం కట్టుకుందా? అయితే విలోపనం. ఉన్న ద్విబంధం తెగి రెండు చివర్లా కొత్త బంధాలు వచ్చాయా? సంకలనం.

పునర్విన్యాసానికి గుర్తు ఏమిటి?

అణుఫార్ములా మారకుండా నిర్మాణం మారడం. 1828లో వోలర్ అమ్మోనియం సయనేట్ నుంచి యూరియా తయారుచేసిన సంగతి అందరూ చదువుతారు. ప్రాణుల్లో తప్ప పుట్టదనుకున్న పదార్థం గాజు పాత్రలో పుట్టిందని చెప్పి పాఠం ముందుకు వెళ్లిపోతుంది. ఆ చర్య ఏ రకం అని అడిగితే తరగతి నిశ్శబ్దం. రెండువైపులా ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు, రెండు నైట్రోజన్లు, ఒక ఆక్సిజన్. బయటి నుంచి ఏదీ రాలేదు, లోపలి నుంచి ఏదీ పోలేదు. అది పునర్విన్యాసం.

ఇంకో చర్య కడుపులో దాక్కున్న పునర్విన్యాసాన్ని పట్టుకోవడమే కష్టం. 3-మిథైల్-1-బ్యూటీన్‌కు హైడ్రోజన్ క్లోరైడ్ కలిపితే 2-క్లోరో-3-మిథైల్‌బ్యూటేన్ వస్తుందని అనుకుంటాం. అది వస్తుంది, దానితోపాటు 2-క్లోరో-2-మిథైల్‌బ్యూటేన్ కూడా వస్తుంది. కార్బోకాటయాన్ అంటే ధనావేశం ఉన్న కార్బన్ గల అయాన్; ఆ కార్బన్‌కు రెండు కార్బన్లు అంటుకుని ఉంటే సెకండరీ, మూడు ఉంటే టెర్షియరీ, ఒకటే ఉంటే ప్రైమరీ. మొదట ఏర్పడిన సెకండరీ కార్బోకాటయాన్‌లో పక్క కార్బన్ మీది హైడ్రోజన్ తన ఎలక్ట్రాన్ జతతో సహా జరిగి, దాన్ని మరింత స్థిరమైన టెర్షియరీ కార్బోకాటయాన్‌గా మార్చేస్తుంది. పైకి సంకలనమే. కాని క్లోరిన్ మీరు ఊహించని కార్బన్ మీద కూర్చుని ఉంటే, మధ్యలో ఎవరో చోటు మారారని అర్థం.

బ్రోమిన్ రంగు పోయింది. అంటే సంకలనమేనా?

కాకపోవచ్చు. పరీక్షల్లోనూ ప్రయోగశాలలోనూ ఎక్కువమందిని పడగొట్టేది ఇదే కాబట్టి నిదానంగా చూద్దాం.

కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో కరిగించిన ఎర్రటి బ్రోమిన్‌ను ఆల్కీన్‌లో చుక్కలుగా వేస్తే, వేసిన చుక్క వేసినట్టే రంగు మాయమవుతుంది. పొగ రాదు. బ్రోమిన్ అణువులోని రెండు పరమాణువులూ ద్విబంధం దగ్గరే చేరిపోయాయి, బయటికి రావడానికి ఏమీ మిగల్లేదు. ఇది సంకలనం.

ఇప్పుడు అదే బ్రోమిన్‌ను హెక్సేన్‌లో వేయండి. చీకట్లో ఉంచితే రంగు అలాగే ఉంటుంది. ఎండలో పెడితే నెమ్మదిగా వెలిసిపోతుంది. ఇక్కడే తొందరపడి ‘రంగు పోయింది’ అని రాసేస్తారు. పరీక్షనాళిక మూతి దగ్గర అమోనియాలో ముంచిన గాజు కడ్డీ పట్టుకోండి, దట్టమైన తెల్లని పొగ కనిపిస్తుంది. హైడ్రోజన్ బ్రోమైడ్ వాయువు బయటికి వస్తోందన్నమాట. ఒక బ్రోమిన్ పరమాణువు లోపలికి వెళ్లింది, అక్కడున్న హైడ్రోజన్ ఇంకో బ్రోమిన్‌తో కలిసి వెళ్లిపోయింది. ఇది స్వేచ్ఛా ప్రాతిపదిక ప్రతిక్షేపణ. వెలుతురు కావాల్సి రావడమే ఆ ఇంటిపేరుకు సాక్ష్యం.

మూడోది ఫినాల్. బ్రోమిన్ నీటిలో ఫినాల్ ద్రావణం పోస్తే రంగు వెంటనే పోతుంది, వెలుతురుతో పని లేదు. అయితే తెల్లటి అవక్షేపం కూడా కనిపిస్తుంది. అది 2,4,6-ట్రైబ్రోమోఫినాల్. వలయం మీది మూడు హైడ్రోజన్లు పోయి మూడు బ్రోమిన్లు వచ్చాయి, కాబట్టి ఎలక్ట్రోఫిలిక్ ప్రతిక్షేపణ. అనిలీన్ కూడా ఇలాగే ప్రవర్తిస్తుంది.

రంగు ఒక్కటే మూడు సందర్భాల్లోనూ పోయింది. తేడా చెప్పినవి పొగ, వెలుతురు, అవక్షేపం.

బెంజీన్‌లో మూడు ద్విబంధాలు గీస్తాం కదా, సంకలనం ఎందుకు జరగదు?

గీస్తాం, కాని అవి మూడు విడి ద్విబంధాలు కావు. ఆరు ఎలక్ట్రాన్లు వలయమంతా పరుచుకుని ఉండటం వల్ల బెంజీన్‌కు మోల్‌కు దాదాపు 150 కిలోజౌళ్ల అదనపు స్థిరత్వం ఉంది. సంకలనం జరిగితే అది పోతుంది. ప్రతిక్షేపణ జరిగితే వలయం చివరికి చెక్కుచెదరకుండా మిగులుతుంది. ఆస్తి పోయే బేరం ఎవరు ఒప్పుకుంటారు? అందుకే ఫెర్రిక్ క్లోరైడ్ సమక్షంలో క్లోరిన్ ఇస్తే క్లోరోబెంజీన్, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తాయి.

‘ఎప్పటికీ జరగదు’ అని మాత్రం రాయకండి. అతినీలలోహిత కాంతిలో బెంజీన్ మూడు క్లోరిన్ అణువులను కలుపుకుని బెంజీన్ హెక్సాక్లోరైడ్ అవుతుంది. బీహెచ్‌సీ అంటే అదే. పెద్దవాళ్లు గమాక్సిన్ పొడి అని పిలిచి, చీమలు బారులు తీరిన చోట చల్లిన మందు పేరు అందులోని గామా రూపం నుంచే వచ్చింది. దాని ఫార్ములాలో ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, ఆరు క్లోరిన్లు. బెంజీన్‌లోని ఆరు హైడ్రోజన్లూ ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. సంకలనమని అదే తేల్చి చెబుతుంది. హైడ్రోజన్లను లెక్కపెట్టే అలవాటు ఉన్నవాడికి ఈ ప్రశ్నకు అర నిమిషం చాలు.

నీటిలో కేఓహెచ్ (పొటాషియం హైడ్రాక్సైడ్) అంటే ప్రతిక్షేపణ, ఆల్కహాల్‌లో కేఓహెచ్ అంటే విలోపనం. ఇది నమ్మవచ్చా?

పరీక్ష వరకు నమ్మండి. ఎందుకో తెలిస్తే ఇంకా మంచిది. నీటిలో హైడ్రాక్సైడ్ అయాన్ చుట్టూ నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో చుట్టుకుని ఉంటాయి. పక్క కార్బన్ నుంచి ప్రోటాన్‌ను లాక్కునేంత చురుకు దానికి తగ్గుతుంది. ఆల్కహాల్‌లో ఆ ముసుగు పలచన, పైగా ఆల్కాక్సైడ్ అయాన్లు కూడా ఏర్పడతాయి. అవి బలమైన క్షారాలు, వేడి కూడా తోడైతే విలోపనం పైచేయి సాధిస్తుంది.

అయితే పుస్తకాల్లో ఈ సూత్రానికి ఇచ్చే ఉదాహరణ చూస్తే నాకు ఎప్పుడూ చిరాకే. బ్రోమోఇథేన్, ఆల్కహాలిక్ కేఓహెచ్ కలిస్తే ఇథీన్ అని రాస్తారు. ఇథనాల్‌లో 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర సోడియం ఇథాక్సైడ్‌తో బ్రోమోఇథేన్‌ను చర్య జరిపిస్తే వచ్చేదానిలో దాదాపు 90 శాతం ఈథరే, అంటే ప్రతిక్షేపణ ఫలితం. ఇథీన్ వాటా సుమారు 10 శాతం. అదే పరిస్థితుల్లో 2-బ్రోమోప్రోపేన్ తీసుకుంటే తక్కెడ తిరగబడుతుంది, దాదాపు 80 శాతం ప్రోపీన్ వస్తుంది. టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్ అయితే ఇక విలోపనమే విలోపనం. కార్బన్ చుట్టూ గుంపు పెరిగేకొద్దీ న్యూక్లియోఫైల్‌కు వెనక నుంచి దారి దొరకదు, అంచున ఉన్న హైడ్రోజన్ మాత్రం చేతికి అందుతుంది. కాబట్టి ద్రావణితోపాటు హాలోజన్ ఏ తరగతి కార్బన్ మీద ఉందో కూడా చూడాలి. పరీక్షలో బ్రోమోఇథేన్ ఇస్తే పుస్తకంలోని జవాబే రాయండి, నా మాట విని మార్కులు పోగొట్టుకోవద్దు.

ఎస్ఎన్1 అంటే ఒక దశ, ఎస్ఎన్2 అంటే రెండు దశలు కదా?

తలకిందులు. ఎస్ఎన్ అంటే న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణకు ఇంగ్లిష్ పొట్టిపేరు. ఎస్ఎన్1కే రెండు దశలు, ఎస్ఎన్2 ఒకే దెబ్బలో పూర్తవుతుంది. ఆ అంకె దశల సంఖ్య కాదు, నెమ్మదిగా జరిగే దశలో ఎన్ని కణాలు పాల్గొంటాయన్న లెక్క. ఎస్ఎన్1లో హాలోజన్ తనంతట తాను విడిపోయి కార్బోకాటయాన్ ఏర్పడటమే నెమ్మది దశ, అందులో ఉన్నది ఒక్క అణువే. హైడ్రాక్సైడ్ గాఢతను రెట్టింపు చేసినా వేగం మారదు. ఎస్ఎన్2లో రెట్టింపు చేస్తే వేగమూ రెట్టింపవుతుంది. 1930లలో హ్యూస్, ఇంగోల్డ్ ఈ పేర్లు పెట్టింది ఇలాంటి వేగాల కొలతల ఆధారంగానే.

గుర్తుపట్టడానికి: మిథైల్, ప్రైమరీ హాలైడ్లు ఎస్ఎన్2 వైపు, టెర్షియరీ హాలైడ్లు ఎస్ఎన్1 వైపు. సెకండరీ అయితే ద్రావణిని, న్యూక్లియోఫైల్ బలాన్ని చూసి తేల్చాలి. ఎస్ఎన్2లో గాలికి గొడుగు తిరగబడినట్టు కార్బన్ విన్యాసం తిరగబడుతుంది. వాల్డెన్ 1896లోనే ఈ విలోమాన్ని గమనించాడు, కారణం తేలింది చాలా ఏళ్లకు. ఎస్ఎన్1లో చదునైన కార్బోకాటయాన్‌కు రెండువైపుల నుంచీ దాడి జరుగుతుంది కాబట్టి రెండు రూపాలూ కలిసి వస్తాయి. ద్విబంధపు కార్బన్ మీదో బెంజీన్ వలయం మీదో నేరుగా ఉన్న హాలోజన్ మామూలుగా ఈ రెండు దారుల్లో దేనికీ లొంగదు.

ఎస్టర్ తయారీలో రెండు అణువులు కలుస్తాయి, నీరు పోతుంది. దీన్ని ఎక్కడ పెట్టాలి?

సంఘననం అన్నా తప్పు లేదు. కాని కార్బన్‌ను చూసి చెప్పమంటే ఇది ఎసైల్ కార్బన్ (ఆమ్లంలో ఆక్సిజన్‌తో ద్విబంధం ఉన్న కార్బన్, అంటే కార్బోనైల్ కార్బన్) దగ్గర జరిగిన న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ. ఆల్కహాల్ ఆక్సిజన్ ముందు కార్బోనైల్‌కు సంకలనం చెందుతుంది, తర్వాత నీరు విలోపనం చెందుతుంది. రెండూ కలిపి చూస్తే ఓహెచ్ పోయి ఆల్కాక్సీ సమూహం వచ్చింది.

నీటిలోకి వెళ్లిన ఆక్సిజన్ ఎవరిదని ఒక అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. 1938లో రాబర్ట్స్, యూరే బెంజోయిక్ ఆమ్లాన్ని ఆక్సిజన్-18 ఎక్కువగా ఉన్న మిథనాల్‌తో చర్య జరిపించి చూశారు. బరువైన ఆక్సిజన్ ఎస్టర్‌లోనే దొరికింది, నీటిలో మామూలు ఆక్సిజనే ఉంది. అంటే ఆల్కహాల్ తన ఆక్సిజన్‌తో సహా వచ్చి కూర్చుంది, ఆమ్లమే తన ఓహెచ్‌ను వదులుకుంది. కాగితం మీద ఏ ఓహెచ్‌ను కొట్టేసినా సమీకరణం సరిపోతుంది. నిజం ఏదో చెప్పగలిగింది ఇలా గుర్తు పెట్టిన పరమాణువే.

ఆక్సీకరణమా, క్షయకరణమా ఎలా తేల్చాలి?

కార్బన్‌కు ఆక్సిజన్‌తో ఉన్న బంధాలు లెక్కపెట్టండి, ద్విబంధాన్ని రెండుగా. కల్లు పులిసి పుల్లబడే దారి చూడండి: ఇథనాల్‌లో చివరి కార్బన్‌కు ఆక్సిజన్‌తో ఒక బంధం, ఎసిటాల్డిహైడ్‌లో రెండు, ఎసిటిక్ ఆమ్లంలో మూడు. పెరుగుతూ పోతే ఆక్సీకరణం, వెనక్కి వస్తే క్షయకరణం. ఎస్టర్ జలవిశ్లేషణలో ముందూ మూడే, తర్వాతా మూడే, కాబట్టి అది రెండూ కాదు.

ఇథీన్‌కు నీరు కలిపితే ఇథనాల్ వస్తుంది, కొత్తగా ఆక్సిజన్ బంధం వచ్చింది కాబట్టి ఆక్సీకరణం అంటారు కొందరు. ఒక కార్బన్ ఆక్సీకరణ సంఖ్య -2 నుంచి -1కి పెరిగింది, రెండోది -2 నుంచి -3కి తగ్గింది. మొత్తం మీద మార్పు సున్నా. అది వట్టి సంకలనం. నూనెలో హైడ్రోజన్ పంపి నికెల్ ఉత్ప్రేరకంతో వనస్పతి చేయడం మాత్రం సంకలనమూ అవుతుంది, రెండు కార్బన్ల ఆక్సీకరణ సంఖ్యా తగ్గుతుంది కాబట్టి క్షయకరణమూ అవుతుంది. రెండు పేర్లూ రాయవచ్చు.

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. అది ఏ రకం?

పారాణి కలిపే ఇంట్లో పిల్లలకు ఈ సందేహం రావాల్సిందే. పసుపులోని కర్కుమిన్‌కు ఫినాల్ ఓహెచ్‌లు ఉంటాయి. సున్నం వాటి నుంచి ప్రోటాన్‌ను తీసుకుంటుంది, రంగు మారుతుంది. కార్బన్ బంధం ఏదీ తెగలేదు. అది ఆమ్ల-క్షార చర్య, పై నాలుగు గదుల్లో పట్టదు. నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు రావడం చూస్తే ప్రోటాన్ తిరిగి వచ్చిందని తెలుస్తుంది.

ప్రోపీన్, హైడ్రోజన్ బ్రోమైడ్‌లతో రెండు జవాబులు ఎందుకు చెబుతారు?

బాణం మీద రాసింది చదవనందుకు. పెరాక్సైడ్ లేకపోతే ఎలక్ట్రోఫిలిక్ సంకలనం, 2-బ్రోమోప్రోపేన్. పెరాక్సైడ్ ఉంటే స్వేచ్ఛా ప్రాతిపదిక సంకలనం, 1-బ్రోమోప్రోపేన్. పేరు మారలేదు, ఇంటిపేరు మారింది. ఖరాష్, మేయో 1933లో దీన్ని తేల్చేదాకా, గాలి తగిలి పెరాక్సైడ్లు చేరిన నమూనాలతో ఒక్కొక్కరికి ఒక్కో ఫలితం వచ్చేది. హైడ్రోజన్ క్లోరైడ్, హైడ్రోజన్ అయోడైడ్‌లతో ఈ తిరగబాటు కనిపించదు.

పేరున్న చర్యలన్నీ బట్టీ పట్టాలా?

పది పదిహేను తప్పవు. అయితే ప్రతిదాని పక్కన రకాన్నీ, జరగడానికి ఉండాల్సిన షరతునూ ఒక్క ముక్కలో రాసుకోండి. ఆల్డాల్‌కు ఆల్ఫా హైడ్రోజన్ (కార్బోనైల్ పక్క కార్బన్ మీది హైడ్రోజన్) ఉండాలి, కనిజారోకు ఉండకూడదు. ఎసిటాల్డిహైడ్ మొదటి దారిలో, ఫార్మాల్డిహైడ్, బెంజాల్డిహైడ్ రెండో దారిలో వెళతాయి. ఆల్డాల్‌లో ఒక అణువు మరో అణువుకు కలుస్తుంది. కనిజారోలో ఒకటి ఆక్సీకరణం, ఇంకొకటి క్షయకరణం చెందుతాయి.

మందుల కంపెనీ ఇంటర్వ్యూలో పారాసిటమాల్ తయారీ ఏ రకం చర్య అని అడిగారు. ఎసైలీకరణం అన్నాను, న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ కాదా అన్నారు. ఏది సరి?

హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ పరిశ్రమల్లో ఉద్యోగానికి వెళ్లే డిగ్రీ పిల్లలు ఈ ప్రశ్నతో తిరిగి వస్తుంటారు. పారా అమినోఫినాల్, ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ కలిస్తే పారాసిటమాల్, ఎసిటిక్ ఆమ్లం వస్తాయి. అమినోఫినాల్ నైట్రోజన్ వైపు నుంచి చూస్తే దానిమీద హైడ్రోజన్ పోయి ఎసిటైల్ సమూహం చేరింది, కాబట్టి ఎసైలీకరణం. అన్‌హైడ్రైడ్‌లోని కార్బోనైల్ కార్బన్ వైపు నుంచి చూస్తే ఎసిటేట్ పోయి నైట్రోజన్ వచ్చి కూర్చుంది, కాబట్టి న్యూక్లియోఫిలిక్ ప్రతిక్షేపణ. రెండూ ఒకే సంఘటన. అలా అడిగినప్పుడు ‘మీరు ఏ పరమాణువు వైపు నుంచి అడుగుతున్నారు?’ అని వినయంగా తిరిగి అడగవచ్చు. ఆ తర్వాత వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంటుంది: అదే అణువులో ఓహెచ్ కూడా ఉండగా అన్‌హైడ్రైడ్ దానివైపు ఎందుకు వెళ్లలేదని. ఎలక్ట్రాన్ జతను ఇవ్వడంలో అమినో నైట్రోజన్‌ది ఆక్సిజన్ కంటే పెద్ద చెయ్యి. ఆక్సిజన్ తన జతను నైట్రోజన్ కంటే గట్టిగా పట్టుకుని ఉంటుంది.